పేరు చెప్పినచో చిరునామా

మానవునకు పేర్లు సులభముగా జ్ఞాపకముండును. అంకెలు అట్లు నిలువవు. యంత్రముల సంగతి దీనికి విరుద్ధము. ఇంటర్నెట్టులో చేరిన ప్రతి కంప్యూటరునకును ఒక అంకెల చిరునామా కలదు. దానిని ఐ.పి. చిరునామా అందురు. చుక్కలతో వేరుపరుపబడిన నాలుగు సంఖ్యలు అందుండును. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఏదైనను కావచ్చును. ఈ విధముగా ఏర్పడు చిరునామాలు సుమారు 430 కోట్లు. అవియు చాలకపోవుటచే ఇంకను పొడవైన రెండవ రకపు చిరునామాలు వాడుకలోనికి వచ్చినవి.

ఒక విద్యార్థి పరీక్షాఫలితములు చూడగోరి వెబ్‌సైటు పేరును టైపు చేయును. ఆ పేరు పట్టుకొని అతని కంప్యూటరు ఎక్కడికిని పోజాలదు. ముందుగా ఆ పేరునకు సరియైన అంకెలు ఏవో ఇంకొక యంత్రము నడిగి తెలిసికొనవలయును. అడుగుటయు, చెప్పుటయు రెప్పపాటులో ముగియును గనుక, అట్టి సంభాషణ యొకటి జరుగుచున్నదనియే చాలమందికి తెలియదు. ఈ పేర్ల వ్యవస్థకు డొమైన్ నేమ్ సిస్టమ్ అని పేరు. క్లుప్తముగా డి.ఎన్.ఎస్. అందురు.

అయితే ఆ సమాధానము చెప్పు యంత్రము ఎవరిది? సామాన్యముగా ఇంటికి ఇంటర్నెట్టు సదుపాయము కల్పించిన సంస్థదియే. ఇంటిలోని వారు ఏ పేరు తలచినను అది ముందుగా ఆ సంస్థవారి యంత్రము చెవిని పడవలసినదే. ఒక ఇంటివారు ఒక నెల దినములలో అడిగిన పేర్ల నన్నింటిని వరుసగా వ్రాసినచో, ఆ ఇంటిలో ఎవరికి ఏ జబ్బు ఉన్నదో, ఎవరు క్రొత్త ఉద్యోగము వెదకుచున్నారో, ఎవరు అప్పు కొఱకు తిరుగుచున్నారో చాలవరకు ఊహింపవచ్చును. ఈ కారణముచేతనే కొందఱు ఆ యంత్రమును తమ ఇంటనే నెలకొల్పుకొనుచున్నారు. ఇందులకు గొప్ప యంత్రము లక్కరలేదు. మూలను పడియున్న పాత కంప్యూటరైనను చాలును. అది చేయు పని యేమో తెలియవలయునన్నచో ఈ వ్యవస్థ పుట్టుక కొంత తెలిసికొనవలసియున్నది.

1969లో అమెరికా దేశమున ఆర్పానెట్ అను వలయము నాలుగు కంప్యూటర్లతో ప్రారంభమయ్యెను. ఇంటర్నెట్టునకు అదియే పూర్వరూపము. క్రమముగా యంత్రములు పెరుగగా, వాని పేర్లును అంకెలును ఒక పట్టికగా వ్రాయవలసివచ్చెను. కాలిఫోర్నియా రాష్ట్రములోని మెన్లోపార్కు పట్టణమున స్టాన్‌ఫర్డ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ఈ పట్టికను నిర్వహించుచుండెను. ఆ పనిచేయు విభాగమునకు ఎలిజబెత్ ఫైన్లర్ అను వనిత అధ్యక్షురాలు. క్రొత్త యంత్రము చేర్పదలచినవారు ఆమె కార్యాలయమునకు తెలియజేయుదురు. అచ్చటివారు పట్టికలో ఒక పంక్తి చేర్చుదురు. తక్కిన యంత్రములన్నియు అప్పుడప్పుడు ఆ పట్టిక నంతయు తమలోనికి నకలు చేసికొనును.

యంత్రములు కొన్ని వందలైనంతవరకు ఈ పద్ధతి చెల్లినది. తరువాత చిక్కులు మొదలయ్యెను. పట్టిక పెరిగెను, దానిని నకలు చేసికొను యంత్రములును పెరిగెను. ఒకే పేరును ఇద్దరు కోరుకొనుట తటస్థించెను. ఇచ్చట వ్రాసిన మార్పు అచ్చటికి చేరులోపల ఇంకొక మార్పు వచ్చుచుండెను. అప్పుడు జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు, ఈ చిక్కు తీర్చుటకు వచ్చిన ఐదు ప్రతిపాదనలను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ మొకపెట్రిస్ చేతిలో పెట్టి, వానిని సమన్వయము చేయుమని కోరెను. మొకపెట్రిస్ ఆ ఐదింటిని ప్రక్కకు నెట్టి తానే ఆఱవదానిని కల్పించెను! 1983 నవంబరులో అది ప్రకటింపబడినది. నేటికిని లోకమంతయు వాడుచున్నది ఆ వ్యవస్థనే.

అతని ఆలోచనలోని సారము ఆంధ్రదేశపు పల్లెలవారికి క్రొత్తది కాదు. పూర్వము గ్రామమున కొక కరణముండెడివాడు. ఆ ఊరి పొలముల హద్దులు, పట్టాదారుల పేర్లు అతని దస్త్రములలో ఉండెడివి. తాలూకా కచ్చేరిలోని తహసీలుదారునకు ఏ చెలక ఎవరిదో తెలియదు; కాని ఏ గ్రామమునకు కరణ మెవరో తెలియును. జిల్లా కలెక్టరునకు కరణముల పేర్లతో పనిలేదు. ఏ తాలూకాకు తహసీలుదారెవరో తెలిసిన చాలును. ఎవరి లెక్క వారిది. గ్రామములో ఒక పొలము చేతులు మారినచో కలెక్టరు కచ్చేరిలో కాగితము కదలనక్కరలేదు. ఆంధ్రప్రదేశమున 1984లో కరణీకములు రద్దయినవి గాని, పోలిక మాత్రము చక్కగా కుదురును.

డి.ఎన్.ఎస్.లోను ఇదే ఏర్పాటు. పేరును కుడినుండి ఎడమకు చదువవలయును. తెలుగు వికీపీడియా పేరును తీసికొందము. దాని పేరు 'టి.ఇ.' అను రెండక్షరములు, చుక్క, 'వికీపీడియా', చుక్క, 'ఆర్గ్'. ఇందు కుడిచివర నున్న ఆర్గ్ జిల్లా వంటిది, వికీపీడియా అందలి తాలూకా, టి.ఇ. ఆ తాలూకాలోని గ్రామము. ఆర్గ్ కంటెను పైన, కంటికి కనబడని ఇంకొక స్థానము కలదు. దానిని మూలస్థానమని చెప్పవచ్చును. కామ్, ఆర్గ్, మన దేశమునకు చెందిన ఇన్ మొదలైన చివరి పేర్లు ఎవరి అధీనమున నున్నవో ఈ మూలస్థానమునకు తెలియును. అంతకుమించి దానికేమియు తెలియదు. తెలియనక్కరయు లేదు.

మూలస్థానమునకు 13 సర్వర్లు కలవు. ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి 13 అక్షరములే వాని పేర్లు. ఈ 13 అను సంఖ్య శాస్త్రముహూర్తము చూచి పెట్టినది కాదు. ఆ కాలమున ఒక సమాధానము 512 బైట్లకు మించరాదను నియమముండెను. అంతలో ఇముడు పేర్లు, చిరునామాలు అన్నియే. పేరునకు 13 అయినను, ఒక్కొక్కదానికి అనేక నకళ్ళు వేర్వేరు దేశములలో పనిచేయుచున్నవి. అన్నియు కలిపి వెయ్యికి మించియుండును. అడిగినవారికి సమీపముననున్న నకలు సమాధానము చెప్పును.

ఇప్పుడు ఇంటిలోని చిన్న సర్వరు ఏమి చేయునో చూడవచ్చును. ఒక బాలిక తన ఫోనులో తెలుగు వికీపీడియా తెరువగోరినది. ఫోను ఇంటి సర్వరు నడుగును. ఇంటి సర్వరునకు ఆ పేరు క్రొత్త. అది మూలస్థానమున కొక ప్రశ్న పంపును. "ఆర్గ్ సంగతి వారికి తెలియును" అని అంకెలతో సమాధానము వచ్చును. ఆర్గ్ వారి నడుగగా, "వికీపీడియా సంగతి వారికి తెలియును" అని మఱికొన్ని అంకెలు వచ్చును. చివరకు వికీపీడియావారి సర్వరే అసలు చిరునామా చెప్పును. క్రొత్త ఊరిలో ఇల్లు వెదకువాడు ఊరిమొదట వీధి యడిగి, వీధిమొదట ఇల్లడిగినట్లే ఇదియు. తిరుగుట ఎంతయున్నను, మొత్తము పని సెకనులో చిన్న భాగమున ముగియును.

ఇందొక సూక్ష్మము కలదు. మొదట ఇంటి సర్వర్లు పూర్తి పేరును అందరికిని చెప్పెడివి. మూలస్థానమునకు ఆర్గ్ అను తుదిమాట చాలియుండగా, పేరంతయు వినిపించుట అనవసరము గదా! ఎవరికి ఎంత కావలయునో అంతయే చెప్పు పద్ధతి 2016లో ప్రకటింపబడినది. దారియడుగువాడు తాను పోవుచున్న పని అందరికిని చెప్పుకొనక, వీధి పేరు మాత్రమే అడుగుట వంటిది ఈ పద్ధతి.

సంపాదించిన సమాధానమును ఇంటి సర్వరు మఱచిపోదు. ప్రతి సమాధానముతోను దాని ఆయుర్దాయము సెకన్లలో వచ్చును. ఆర్గ్ వంటి చివరి పేర్ల విషయమున మూలస్థానమిచ్చు సమాధానమునకు 1,72,800 సెకన్ల ఆయువు; అనగా రెండు దినములు. అంతవరకు ఆర్గ్‌తో ముగియు వేయి పేర్లు అడిగినను మూలస్థానమునకు మరల పోనక్కరలేదు. ఆ బాలిక తమ్ముడు ఐదు నిమిషములకే అదే పేరు అడిగినచో, ఇంటి సర్వరు తన జ్ఞాపకమునుండియే బదులు చెప్పును. కోట్ల ఇండ్ల ప్రశ్నలను మూలస్థానము మోయగలుగుటకు ఈ జ్ఞాపకమే కారణము.

ఈ పనిచేయు ప్రోగ్రాములు ఉచితముగా లభించును. వానిలో పాతది బైండ్. 1980 దశకము మొదటిలో బర్క్‌లీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు దానిని వ్రాసిరి. ఇండ్లలో వాడబడు మఱియొకటి అన్‌బౌండ్. అది నెదర్లాండ్సు దేశములోని ఎన్‌ఎల్‌నెట్ ల్యాబ్స్ అను సంస్థ తయారుచేసినది. 2012లో బ్రిటనునుండి వెలువడిన రాస్‌బెరీ పై అను అరచేతిలో పట్టు కంప్యూటరుపైనను ఇది చక్కగా నడచును. నెలకొల్పు క్రమము దీర్ఘమైనది కాదు. ఆ కంప్యూటరునకు ఇంటిలోపల మార్పులేని చిరునామా నొకదానిని ఏర్పరుపవలయును. పేర్లను గూర్చి దానినే అడుగుడని ఇంటి రూటరుచేత తక్కిన ఫోన్లకును కంప్యూటర్లకును చెప్పింపవలయును. ప్రోగ్రామునకు మూలస్థానపు 13 సర్వర్ల చిరునామాలు ముందే తెలిసియుండును. ప్రశ్నలు 53వ సంఖ్యగల ద్వారమున వచ్చిపోవును.

ఇట్లు చేసిన ఇంటివారికి కొన్ని సౌకర్యములు కలుగును. ప్రకటనలు పంపు యంత్రముల పేర్ల జాబితా నొకదానిని సర్వరునకిచ్చి, ఆ పేర్లు ఎవరడిగినను 'లేదు' అని చెప్పునట్లు చేయవచ్చును. చిరునామా తెలియనందున ప్రకటన రాదు. ఫోను చిన్నదైనను, పాతదైనను ఈ లాభము సమానమే. ఇంటిలోని అచ్చుయంత్రమునకు ఒక పేరు పెట్టుకొని ఆ పేరుతోనే పిలువవచ్చును. అట్టి ఇంటి పేర్ల కొఱకే 'హోమ్ చుక్క ఆర్పా' అను చివరి పేరు 2018లో ప్రత్యేకింపబడినది. అన్నింటికంటెను మేలైన లాభము వేఱొకటి. ఉపాధ్యాయుడు పటము గీచి చెప్పు విషయమును విద్యార్థి తన యింట ప్రత్యక్షముగా చూడగలుగును. 'డిగ్' అను ఆజ్ఞతో ఏ సర్వరు ఏమి బదులిచ్చినదో పంక్తి పంక్తిగా తెలియును. తెలుగు లిపిలోనే 'భారత్' అను చివరి పేరు కలదనియు, అది 2011లో మూలస్థానమున చేరినదనియు, తెలుగు అక్షరములు ప్రయాణమునకు మాత్రము ఇంగ్లీషు అక్షరముల వేషము ధరించుననియు అట్లు చూచినవారికి తేటపడును.

కాని రహస్యము దాగుననుకొని ఈ పని ప్రారంభించినవారు ఒక విషయము గుర్తింపవలయును. ఇంటి సర్వరు పంపు ప్రశ్నలు మూత లేని పోస్టుకార్డుల వంటివి. అవి ఇంటర్నెట్టు సంస్థవారి తీగ మీదుగానే పోవును. చదువదలచినచో వారు చదువగలరు. పేరు తెలియకున్నను, తరువాత ఏ అంకెల చిరునామాకు పోయిరో వారికి తెలియకపోదు. ప్రశ్నను కవరులో పెట్టి అంటించినట్లు, గూఢలిపిలో పంపు పద్ధతులు 2016లోను, 2018లోను వెలువడినవి. అప్పుడు ఆ కవరు విప్పు దూరపు సంస్థకు పేర్లన్నియు తెలియును. ఒకరికి దాచినది మఱియొకరికి చెప్పుటయే యగును. ఈ రెండింటిలో ఏది మేలనుట ఆ ఇంటివారు ఎవరిని ఎక్కువగా నమ్ముదురో దానిపై ఆధారపడియుండును.

ఇంకను విచిత్రమైన సంగతి యొకటి కలదు. కొన్ని ప్రోగ్రాములు ఎవరి ఫోను ఏ పేరు ఎప్పుడడిగినదో వ్రాసియుంచును. బయటి సంస్థవారికి తెలియరాదని తెచ్చిన యంత్రముననే ఆ జాబితా యంతయు పెరుగును! దానిని చూడగలవాడు ఆ ఇంటి కొడుకో, తండ్రియో. అక్క ఏ కళాశాలను గూర్చి వెదకుచున్నదో, తాతగారు ఏ మందును గూర్చి చదివిరో అతనికి తెలిసిపోవును. దూరపు సంస్థకు ఆ పేర్లు వేలలో ఒకటి. ఇంటివానికి అట్లు కాదు. వ్రాత నాపివేయు ఏర్పాటు ఈ ప్రోగ్రాములన్నింటిలోను కలదు. ఆపివేయుటయే మర్యాద. వ్రాయదలచినచో ఇంటిలోని వారందరికిని ముందుగా చెప్పవలయును.

తప్పు సమాధానములు వచ్చు ప్రమాదమును ఉన్నది. సర్వరు పంపు ప్రతి ప్రశ్నకును ఒక గుర్తు సంఖ్య యుండును. అది 65,536 సంఖ్యలలో ఒకటి. అసలు సమాధానమునకంటె ముందుగా, అదే సంఖ్యతో ఒక మోసగాడు దొంగ సమాధానము పంపినచో సర్వరు నమ్మును. అంతట బ్యాంకు పేరు అడిగినవాడు దొంగవాని యంత్రమునకు చేరును. ఒకసారి గురి తప్పినచో, జ్ఞాపకపు ఆయువు తీరువరకు మోసగాడు వేచియుండవలయునని చాలకాలము ధైర్యముగా నుండిరి. 2008లో డాన్ కమిన్‌స్కీ అను అమెరికా దేశీయుడు ఆ ధైర్యమును పోగొట్టెను. లేని పేర్లను ఒకదాని వెంట నొకటి అడిగించుచు పోయినచో వేచియుండ నక్కరలేదని అతడు కనుగొనెను. అతడు ఆ సంగతిని అమ్ముకొనలేదు, చాటలేదు. మార్చి నెలలో నిపుణులు రహస్యముగా సమావేశమైరి. జూలై 8వ తేదీన అనేక సంస్థలు ఒకే దినమున మరమ్మతు విడుదల చేసినవి. ఆ మరమ్మతు ప్రకారము ప్రశ్న బయలుదేరు ద్వారముయొక్క సంఖ్యయు ప్రతిసారి మారును. దొంగ ఊహింపవలసిన సంఖ్యలు వేలనుండి వందల కోట్లకు పెరిగినవి. ఇంటిలో సర్వరు పెట్టువాడు ఇచ్చట జాగ్రత్త వహింపవలయును. కొన్ని పాత రూటర్లు ఈ మారు సంఖ్యలను మరల వరుస సంఖ్యలుగా దిద్ది, మరమ్మతును వ్యర్థము చేసెడివి.

ఇంతకంటె గట్టి ఉపాయము సమాధానములపై ముద్ర వేయుట. 2010 జూలై 15 నుండి మూలస్థానపు సమాధానములు ముద్రతో వచ్చుచున్నవి. దస్తావేజుపై రిజిస్ట్రారు ముద్రను చూచినట్లు, ఇంటి సర్వరు ఆ ముద్రను పరీక్షించి, సరిపోనిదానిని త్రోసివేయును. అయితే ముద్ర వేయని పేర్లు నేటికిని లెక్కకు మిక్కిలిగా కలవు. వాని విషయమున ఈ పరీక్ష పనికిరాదు.

ఇంటి సర్వరువలన ఇతరులకు కీడు కలుగకుండ చూచుట అంతకంటె ముఖ్యము. అది ఇంటివారికి మాత్రమే బదులు చెప్పవలయును. ఊరివారందరికిని చెప్పునట్లు తలుపు తెరచియుంచినచో, దుర్మార్గులు చిన్న ప్రశ్న పంపి, పంపినవాని చిరునామాగా తమకు గిట్టనివాని చిరునామా వ్రాయుదురు. ప్రశ్న చిన్నది, సమాధానము పదులరెట్లు పెద్దది. అట్టి తెరచిన సర్వర్లు వేలకొలది ఒక్కసారిగా ఒకనిపై సమాధానములు కురిపించినచో వాని తీగ మూసుకొనిపోవును. 2013 మార్చిలో స్పామ్‌హౌస్ అను సంస్థపై ఇట్టి దాడి జరిగెను. ఆ సర్వర్ల యజమానులలో చాలమందికి తమ యంత్రము దాడిలో పాల్గొన్నదనియే తెలియదు. కావున రూటరులో 53వ ద్వారమును బయటివారికి తెరువరాదు. ప్రోగ్రాములో ఇంటి చిరునామాలను మాత్రమే అనుమతింపవలయును.

పేర్లు చెప్పువాడు లేకున్నచో ఏమగునో 2021 అక్టోబరు 4వ తేదీన లోకమంతయు చూచినది. ఫేస్‌బుక్ సంస్థలో మరమ్మతు చేయుచుండగా జరిగిన పొరపాటువలన వారి పేర్ల సర్వర్లకు దారి మూసుకొనిపోయెను. యంత్రములు చెడలేదు, కాని పేరున కంకెలు చెప్పువారు లేక వాట్సాప్‌తో సహా వారి సదుపాయములన్నియు సుమారు ఆఱు గంటలు నిలిచిపోయినవి. ఇంటి సర్వరు ఆగిపోయినప్పుడు ఆ ఇంటికి సరిగా ఈ గతియే పట్టును. తీగ బాగుండును, రూటరు దీపములు వెలుగుచుండును, ఒక్క పేజీయు తెరచుకొనదు. అందుచేత జాగ్రత్తపరులు రెండు చిన్న యంత్రములు పెట్టుకొందురు. అది వీలుకానివారు, ఇంటివారిలో మఱియొకరికైనను రూటరును పూర్వస్థితికి త్రిప్పు విధము నేర్పియుంతురు.

కరెంటు తరచుగా పోవు ఊళ్ళలో తటస్థించు చిక్కు ఇంకొకటి మిగిలియున్నది. ముద్ర వేసిన ప్రతి సమాధానమునకును ఈ తేదీనుండి ఈ తేదీవరకు చెల్లునని గడువుండును. రాస్‌బెరీ పై తొలి నమూనాలలో గడియారము లేదు. కరెంటు పోయి కొన్ని దినముల తరువాత వచ్చినచో, ఆ యంత్రమునకు తాను ఆగిన దినమే నేటి దినమని తోచును. వచ్చిన ముద్రలన్నియు రాబోవు దినములవిగా కనిపించును, అన్నింటిని త్రోసివేయును. సరియైన కాలము ఇంటర్నెట్టు నడిగి తెలిసికొనవచ్చును గాని, కాలము చెప్పు సర్వరునకును పేరే కలదు. ఆ పేరునకు అంకెలు కావలయునన్న ముద్ర సరిపోవలయును. ముద్ర సరిపోవలయునన్న కాలము తెలియవలయును! ఈ చిక్కు తీర్చుటకు కొందఱు కొలది వెల గల బ్యాటరీ గడియారము నొకదానిని ఆ యంత్రమునకు తగిలింతురు. కొందఱు కాలము చెప్పు సర్వరుయొక్క పేరునకు బదులు దాని అంకెల చిరునామానే వ్రాసిపెట్టుకొందురు.